సంతకం ఎవరిదో చూశారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: బయటి రిపోజిటరీలు, అవి చేర్చినప్పుడు వచ్చే ఎర్రర్లు, వాటిని ఎంతవరకు నమ్మవచ్చన్న అనుమానం. అందుకే ఈసారి శీర్షికంతా దీనికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: సార్, నేను బీటెక్ మూడో ఏడు చదువుతున్నాను. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకున్నాను. ప్రాజెక్టుకు ఒక డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చి, దాన్ని తయారుచేసే కంపెనీ రిపోజిటరీ చేర్చాను. ‘ఆప్ట్ అప్‌డేట్’ కొట్టగానే ‘నో పబ్‌కీ’ అని ఎర్రర్ వచ్చింది. మా సీనియర్ అన్నయ్య సోర్సు లైన్లో ‘ట్రస్టెడ్=యెస్’ అని పెట్టమన్నాడు. పెట్టాను, ఇన్‌స్టాల్ అయిపోయింది. అలాగే ఉంచవచ్చా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఉంచకండి. ఈ జవాబు చదవగానే ఆ మాట తీసేయండి. మీ సీనియర్ మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. ఎర్రర్ కనబడటం మానేసింది కాబట్టి సమస్య తీరిందనుకున్నారు. తనిఖీ ఆగిపోయింది కాబట్టే ఎర్రర్ ఆగింది.

తనిఖీ ఎలా జరుగుతుందో తెలిస్తే సంగతి మీకే బోధపడుతుంది. డెబియన్, ఉబుంటుల్లో ఆప్ట్ ఒక్కో డెబ్ ఫైలు మీద విడివిడిగా సంతకం చూడదు. రిపోజిటరీ మొత్తానికి ‘ఇన్‌రిలీజ్’ అని ఒక చిన్న ఫైలు ఉంటుంది. సంతకం ఉండేది దాని మీద. ఆ ఫైల్లో ‘ప్యాకేజెస్’ అనే జాబితాల హ్యాష్‌లు ఉంటాయి. ఆ జాబితాల్లో ఒక్కో డెబ్ ఫైలు పేరు, సైజు, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ ఉంటాయి. సంతకం ఇన్‌రిలీజ్‌కు హామీ, ఇన్‌రిలీజ్ జాబితాకు హామీ, జాబితా ప్యాకేజీకి హామీ. మధ్యలో ఎవరైనా ప్యాకేజీలో ఒక్క బైటు మార్చినా హ్యాష్ కుదరదు, ఆప్ట్ దాన్ని ఇన్‌స్టాల్ చేయదు. 2007లో వచ్చిన డెబియన్ 4.0 నుంచి ఈ ఏర్పాటు నడుస్తోంది.

‘ట్రస్టెడ్=యెస్’ అన్నది ఈ వరసలో మొట్టమొదటి హామీని కొట్టేస్తుంది. ఆ తర్వాతి హ్యాష్ తనిఖీలు జరుగుతూనే ఉంటాయి. కానీ ప్యాకేజీని మార్చగలిగినవాడు జాబితాను కూడా మార్చగలడు, దానికి తగిన ఇన్‌రిలీజ్‌నూ రాయగలడు. అప్పుడు హ్యాష్‌లన్నీ చక్కగా కుదురుతాయి, లోపల సరుకు మాత్రం వేరే ఉంటుంది. డెబ్ ప్యాకేజీలో ఇన్‌స్టాల్ సమయంలో నడిచే స్క్రిప్టులు ఉంటాయి, అవి రూట్ అధికారంతో నడుస్తాయి. అంటే మీరు సంతకం చూడకుండా వదిలేసింది ఒక డేటాబేస్‌ను కాదు, మీ ల్యాప్‌టాప్ మొత్తాన్ని.

ఆప్ట్ చూపించే ఎర్రర్లన్నీ ఒక్కలాంటివి కావు. ‘నో పబ్‌కీ’ అంటే సంతకం ఉంది, దాన్ని సరిచూసే కీ మీ దగ్గర లేదని. ఇది మామూలే, కీ తెచ్చుకుంటే సరిపోతుంది. ‘ఎక్స్‌ప్‌కీసిగ్’ అంటే కీ గడువు తీరిందని. ఆ సంస్థ కొత్త కీ ఇచ్చిందేమో వాళ్ల సైట్లో చూడాలి. ‘బ్యాడ్‌సిగ్’ అంటే కీ ఉంది, సంతకం ఉంది, కానీ ఆ సంతకానికీ ఫైల్లో ఉన్నదానికీ పొంతన లేదని. ఇది వస్తే ముందుకు వెళ్లకండి. డౌన్‌లోడ్ సగంలో తెగి ఉండవచ్చు, మధ్యలో ఎవరో చేయి పెట్టి ఉండవచ్చు. జాబితాలు మళ్లీ తెచ్చుకున్నా అదే వస్తే ఆ రిపోజిటరీని ఆపేయండి. హాస్టల్ వైఫైలో ‘నోస్‌ప్లిట్’ అని ఇంకొకటి కనబడుతుంది. ఇన్‌రిలీజ్ ఫైలు అడిగితే వైఫై వారి లాగిన్ పేజీ వచ్చిందని దానర్థం. బ్రౌజర్ తెరిచి లాగిన్ అయితే పోతుంది. ఈ నాలుగింటికీ ఒకే మందుగా ‘ట్రస్టెడ్=యెస్’ వాడేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఏం జరిగిందో అంత వివరంగా ఆప్ట్ చెబుతుంటే దాని నోరు మూయించడం అది.

మీరు చేయాల్సింది ఇదీ. ఆ కంపెనీ అధికారిక సైటు నుంచి, అడ్రసు జాగ్రత్తగా చూసుకుని, కీ ఫైలు దించుకోండి. దాన్ని ‘ఈటీసీ’లోని ఆప్ట్ డైరెక్టరీలో ‘కీరింగ్స్’ ఫోల్డర్లో పెట్టండి. కంపెనీ డాక్యుమెంటేషన్లో ఇచ్చిన 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్‌తో ఈ కీ ఫింగర్‌ప్రింట్‌ను మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా పోల్చండి. తర్వాత సోర్సు లైన్లో ‘సైన్డ్-బై’ అని రాసి ఆ కీ ఫైలు దారి ఇవ్వండి.

పాత ట్యుటోరియళ్లలో ‘ఆప్ట్-కీ యాడ్’ అని కనబడుతుంది. దాని జోలికి పోవద్దు. అలా చేర్చిన కీని ఆప్ట్, ‘సైన్డ్-బై’ లేని అన్ని రిపోజిటరీలకూ చెల్లుబాటుగా చూస్తుంది. అంటే మీ డేటాబేస్ కంపెనీ కీతో సంతకం చేసిన ఫైలు అలాంటి వేరే రిపోజిటరీ పేరుతో వచ్చినా ఆప్ట్ ఒప్పుకుంటుంది. ‘సైన్డ్-బై’ పెడితే ఆ కీ ఆ ఒక్క రిపోజిటరీకే పరిమితం. ఆ పాత కమాండ్‌ను డెబియన్ వారు ముందు వద్దని చెప్పి, తర్వాత తీసేశారు కూడా.

ఇంకొక్క మాట. తనిఖీ లేని రోజుల్లో ఇన్‌స్టాల్ అయిన ప్యాకేజీలను కీ సరిచేశాక ఒకసారి తీసేసి మళ్లీ వేసుకోండి.

ప్రశ్న: అయ్యా, మా కాలేజీ ల్యాబులో అరవై దాకా డెబియన్ కంప్యూటర్లు ఉన్నాయి. బ్యాండ్‌విడ్త్ ఆదా కోసం క్యాంపస్‌లోనే మిర్రర్ పెట్టాను. అది హెచ్‌టీటీపీ మీద నడుస్తుంది, హెచ్‌టీటీపీఎస్ కాదు. ఇది పెద్ద లోపమని కొత్తగా చేరిన అధ్యాపకులు అంటున్నారు. నిజమేనా?
– ల్యాబ్ అసిస్టెంట్, వరంగల్

జవాబు: మీ ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆప్ట్ నమ్మేది దారిని కాదు, సంతకాన్ని. ఫైలు ఏ సర్వర్ నుంచి, ఏ తీగ మీద వచ్చినా డెబియన్ కీతో సరిపోవాలి. మీ మిర్రర్‌ను ఎవరైనా పాడుచేసినా ల్యాబ్ కంప్యూటర్లు ఆ ప్యాకేజీలను ఒప్పుకోవు. ప్రపంచమంతటా కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు మిర్రర్లు నడపగలుగుతున్నాయంటే ఈ ఏర్పాటు వల్లే. మిర్రర్ నడిపేవారిని ఎవరూ పరీక్ష పెట్టి ఎంచుకోరు.

దీన్ని 2008లో అమెరికాలోని ఆరిజోనా విశ్వవిద్యాలయంలో జస్టిన్ కాపోస్, ఆయన సహచరులు నిరూపించి చూపించారు. లేని కంపెనీ పేరు పెట్టుకుని, ఒక సర్వర్ అద్దెకు తీసుకుని, మిర్రర్ పెడతామని దరఖాస్తు చేశారు. ఉబుంటు, ఫెడోరా, ఓపెన్‌సూసే, సెంట్‌ఓఎస్, డెబియన్ – ఐదింటిలోనూ వాళ్ల సర్వర్ అధికారిక జాబితాలోకి ఎక్కింది. వేల కంప్యూటర్లు అప్‌డేట్ల కోసం దాని దగ్గరికి వచ్చాయి. వాటిలో ప్రభుత్వానివి, సైన్యానివి కూడా ఉన్నాయి. వాళ్లు ఎవరికీ హాని చేయలేదు. కానీ చెడ్డ మిర్రర్ సంతకాన్ని చెరపకుండానే ఏం చేయగలదో వివరంగా రాశారు.

అన్నింటికంటే సులువైనది పాత సరుకు అంటగట్టడం. ఆరు నెలల కిందటి ఇన్‌రిలీజ్ మీద సంతకం అసలైనదే. దాన్నే మళ్లీ మళ్లీ చూపిస్తే క్లయింటుకు కొత్త అప్‌డేట్లేవీ లేవనిపిస్తుంది. ఈలోగా బయటపడ్డ లోపాలు ఆ కంప్యూటర్లలో అలాగే ఉండిపోతాయి. దీనికి విరుగుడుగా ఇన్‌రిలీజ్‌లో ‘వాలిడ్-అంటిల్’ అని గడువు తేదీ రాస్తారు. డెబియన్ సెక్యూరిటీ రిపోజిటరీకి ఈ గడువు కొద్ది రోజులే. మీ మిర్రర్ సింక్ ఆగిపోతే ల్యాబ్‌లో గడువు తీరిందన్న ఎర్రర్లు వస్తాయి. ఆ ఎర్రర్‌ను అణచవద్దు, సింక్ బాగుచేయండి. ల్యాబ్‌లోని పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోతే, ‘ఈ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు’ అన్న ఎర్రర్ వస్తుంది. దాని మూలం మిర్రర్‌లో కాదు, గడియారంలో ఉంటుంది.

ఇక మీ అధ్యాపకుల మాటకు వస్తాను. సంతకం సరిచూసే ప్రోగ్రామూ మనుషులు రాసిందే. 2019 జనవరిలో మ్యాక్స్ జస్టిక్జ్ అనే పరిశోధకుడు ఆప్ట్‌లో ఒక లోపం పట్టుకున్నాడు. హెచ్‌టీటీపీ రీడైరెక్ట్‌ను ఆప్ట్ సరిగా శుభ్రం చేయకపోవడం వల్ల, దారిలో కూర్చున్నవాడు డౌన్‌లోడ్ అయిన ఫైలు హ్యాష్ ఇదేనని తానే ఆప్ట్‌కు చెప్పగలిగేవాడు. అంటే హ్యాష్ తనిఖీయే మోసపోయేది. హెచ్‌టీటీపీఎస్ ఉంటే నెట్‌వర్క్ మధ్యలో కూర్చున్నవాడికి ఆ అవకాశం దొరికేది కాదు. చెడ్డ మిర్రర్‌ను మాత్రం హెచ్‌టీటీపీఎస్ కూడా ఆపలేదు. కాబట్టి సంతకం లేకుండా హెచ్‌టీటీపీఎస్ చాలదు. సంతకానికి హెచ్‌టీటీపీఎస్ తోడైతే మంచిదే. క్యాంపస్‌లో సర్టిఫికెట్ పెట్టడం పెద్ద పనేమీ కాదు, పెట్టేయండి.

ప్రశ్న: మాది వ్యవసాయ కుటుంబం. మా నాన్నగారి ఫోన్‌కు వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైలు వచ్చింది. అదృష్టం కొద్దీ నేను చూసి తీసేశాను. సంతకం లేని ఏపీకేను ఆండ్రాయిడ్ ఒప్పుకోదని చదివాను. మరి ఇది ఎలా ఇన్‌స్టాల్ అయింది?
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు జిల్లా

జవాబు: దాని మీద సంతకం ఉంది కాబట్టే అయింది. ఆండ్రాయిడ్ ప్రతి ఏపీకేకూ సంతకం అడుగుతుంది. కానీ ఆ కీ ఎవరిదని అడగదు. ఎవరి కీ వారే తయారుచేసుకోవచ్చు. మీ ఊళ్లో విత్తనాల ప్యాకెట్ మీద సీలు చూసి కొంటారు కదా. ఆ సీలు ఏ ప్రెస్సులోనైనా ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చంటే దానికి ఎంత విలువో, ముక్కూ మొహం తెలియని ఏపీకే మీది సంతకానికీ అంతే విలువ. ఆండ్రాయిడ్‌లో సంతకం పని వేరు. ఒకసారి ఇన్‌స్టాల్ అయిన యాప్‌కు అప్‌డేట్ వచ్చినప్పుడు అది పాత కీతోనే సంతకం అయిందా అని చూస్తుంది. మీ బ్యాంకు యాప్ మీద ఇంకొకడు తన యాప్ అప్‌డేట్‌గా వేయలేకపోవడానికి కారణం అదే. మొదటిసారి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం భారమంతా మన మీదే.

ఆ ఫైలు కొంతసేపైనా ఫోన్‌లో నడిచి ఉంటే, నాన్నగారి బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. ఎస్సెమ్మెస్ చదివే అనుమతి దానికి ఇచ్చారేమో చూడండి. డబ్బు పోయినట్లు కనబడితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న: హైటెక్ సిటీలో పైథాన్ డెవలపర్‌గా చేస్తున్నాను. మా కంపెనీ సొంత లైబ్రరీలకు ఒక ప్రైవేట్ ఇండెక్స్ ఉంది. రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ‘ఎక్స్‌ట్రా-ఇండెక్స్-యూఆర్‌ఎల్’ అని దాని అడ్రసు ఇస్తాం, మిగిలినవి పైపీఐ నుంచి వస్తాయి. ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది. ఇప్పుడు సెక్యూరిటీ టీమ్ ఇది ప్రమాదమంటోంది. రెండు చోట్లా హెచ్‌టీటీపీఎస్ ఉంది కదా, ప్రమాదం ఎక్కడ?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ సెక్యూరిటీ టీమ్ చెప్పింది అక్షరాలా నిజం. ‘ఎక్స్‌ట్రా’ అన్న మాట చూసి చాలామంది పిప్ ముందు ఒక ఇండెక్స్‌లో వెతికి, దొరక్కపోతేనే రెండోదానికి వెళుతుందనుకుంటారు. అలా కాదు. పిప్ అన్ని ఇండెక్స్‌లనూ సమానంగా చూసి, వాటిలో ఏది పెద్ద వెర్షన్ అయితే దాన్ని తెస్తుంది. మీ సొంత లైబ్రరీ వెర్షన్ 1.4 అనుకుందాం. అదే పేరుతో ఎవరో పైపీఐలో 99.0 పెడితే, మీ బిల్డ్ సర్వర్‌లోకి వచ్చేది 99.0. హెచ్‌టీటీపీఎస్ అది పైపీఐ నుంచే వచ్చిందని సరిగ్గానే ధ్రువీకరిస్తుంది. అది మీరు కోరినది కాదని మాత్రం చెప్పలేదు.

2021 ఫిబ్రవరిలో అలెక్స్ బిర్సాన్ అనే పరిశోధకుడు దీన్ని బయటపెట్టాడు. పెద్ద కంపెనీల బహిరంగ ఫైళ్లలో దొర్లిన లోపలి లైబ్రరీల పేర్లు ఏరుకుని, అవే పేర్లతో ఎన్‌పీఎమ్, పైపీఐ, రూబీజెమ్స్‌లో ప్యాకేజీలు పెట్టాడు. యాపిల్, మైక్రోసాఫ్ట్, పేపాల్ సహా 35కు పైగా కంపెనీల లోపలి కంప్యూటర్లలో అతని కోడ్ నడిచింది. అతను మంచివాడు కాబట్టి సమాచారం ఇచ్చి బహుమతులు తీసుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరు 25 నుంచి 30 వరకు పైటార్చ్‌కు జరిగింది వేరు. వాళ్ల నైట్లీ బిల్డ్‌లకు కావాల్సిన ‘టార్చ్‌ట్రైటన్’ అన్న ప్యాకేజీ వాళ్ల సొంత ఇండెక్స్‌లో ఉండేది. అదే పేరుతో ఎవరో పైపీఐలో ఒకటి పెట్టారు. ఆ రోజుల్లో లినక్స్‌లో నైట్లీ వేసుకున్నవారి కంప్యూటర్ల నుంచి ఎస్‌ఎస్‌హెచ్ కీలతో సహా ఫైళ్లు బయటికి పోయాయి.

సరిచేసే మార్గం ఉంది. ‘ఎక్స్‌ట్రా’ను పూర్తిగా వదిలేసి, ‘ఇండెక్స్-యూఆర్‌ఎల్’ ఒక్కటే పెట్టండి. అది మీ ప్రైవేట్ ఇండెక్స్ అయి ఉండాలి. పైపీఐ నుంచి కావాల్సినవాటిని అదే తెచ్చి ఇవ్వాలి, మీ సొంత పేర్లను మాత్రం పైపీఐలో ఎప్పుడూ వెతక్కూడదని దానికి నియమం పెట్టాలి. దానితో పాటు రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో ప్రతి ప్యాకేజీకీ హ్యాష్ రాసి, పిప్‌కు ‘రిక్వైర్-హ్యాషెస్’ ఇవ్వండి. అప్పుడు వెర్షన్ ఏదైనా, ఇండెక్స్ ఏదైనా, హ్యాష్ కుదరని ఫైలు లోపలికి రాదు. ‘యూవీ’ వాడేవారికి కొంత నయం. పేరు మొదట ఏ ఇండెక్స్‌లో కనబడితే అక్కడే ఆగడం దాని అలవాటు. ఎన్‌పీఎమ్ వైపు పనిచేసేవారు కంపెనీ పేరుతో స్కోప్ తీసుకుని, ఆ స్కోప్‌ను ప్రైవేట్ రిజిస్ట్రీకి కట్టేయాలి.

సోర్సు రూపంలో వచ్చే పైథాన్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవుతుండగానే అందులోని కోడ్ నడుస్తుంది, ఇంపోర్ట్ చేసేదాకా ఆగదు. బిల్డ్ సర్వర్‌లో బైనరీ వీల్స్ మాత్రమే ఒప్పుకునేలా పెడితే ఆ దారి మూసుకుంటుంది. ఈ మార్పులన్నీ ఒకటి రెండు రోజుల పని. ఏళ్లుగా ఏమీ కాలేదన్న మాట మాత్రం మీ సెక్యూరిటీ టీమ్‌తో అనకండి. బిర్సాన్ పట్టుకున్న కంపెనీల్లోనూ ఏళ్లుగా అలాగే నడిచింది.

ప్రశ్న: ఆర్చ్ లినక్స్ వాడుతున్నాను. ఏయూఆర్‌లో దొరకని సాఫ్ట్‌వేర్ లేదు. ప్యాక్‌మ్యాన్ సంతకాలు చూస్తుంది కాబట్టి ఏయూఆర్ కూడా భద్రమేనా?
– గేమ్ డిజైనర్, విశాఖపట్నం

జవాబు: కాదు. ఆ రెండూ వేరు. ఆర్చ్ సొంత రిపోజిటరీల్లో 2011 అక్టోబరులో వచ్చిన ప్యాక్‌మ్యాన్ 4.0 నుంచి ప్యాకేజీల మీద సంతకం చూసే ఏర్పాటు ఉంది. ఏయూఆర్‌లో ఉండేవి ప్యాకేజీలు కావు, ప్యాకేజీ తయారుచేసే పద్ధతి రాసిన ‘పీకేజీబిల్డ్’ ఫైళ్లు. ఖాతా ఉన్న ఎవరైనా పెట్టవచ్చు. వదిలేసిన వాటిని ఎవరైనా దత్తత తీసుకోవచ్చు. 2018 జులైలో ‘ఏక్రోరీడ్’ అన్న అనాథ ప్యాకేజీని ఒకరు అలాగే తీసుకుని, బయటి నుంచి స్క్రిప్టు తెచ్చి నడిపే లైను చేర్చారు. 2025 జులైలో ఫైర్‌ఫాక్స్, లిబ్రెవుల్ఫ్, జెన్ బ్రౌజర్ల పేర్లు తగిలించుకున్న మూడు ప్యాకేజీల్లో కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే మాల్‌వేర్ దొరికింది. రెండుసార్లూ త్వరగానే తీసేశారు, కానీ అప్పటికే వేసుకున్నవారికి ఆ వేగం పనికిరాదు.

‘యే’ లాంటి సహాయక ప్రోగ్రాములు అప్‌డేట్ ముందు పీకేజీబిల్డ్‌లో ఏం మారిందో చూపిస్తామంటాయి. ఎంటర్ కొట్టి దాటేయకండి, చదవండి. సోర్సు అడ్రసు మారిందా, హ్యాష్ స్థానంలో ‘స్కిప్’ అని ఉందా, ఇన్‌స్టాల్ స్క్రిప్టు కొత్తగా వచ్చిందా – ఈ మూడూ చూడటానికి ఎక్కువసేపు పట్టదు. ఇవి చదవడం రానంతవరకు ఏయూఆర్ వాడకపోవడమే మేలు. బయటి ప్యాక్‌మ్యాన్ రిపోజిటరీ ఏదైనా చేర్చేటప్పుడు ‘సిగ్‌లెవెల్’ దగ్గర ‘నెవర్’ అని రాయమని ఎవరైనా చెబితే, అది కాకినాడ అమ్మాయికి సీనియర్ ఇచ్చిన సలహాకు సోదరుడే.

ప్రశ్న: నమస్కారమండీ. నేను రిటైరైన లెక్కల మాస్టారిని. ఇన్‌స్టాల్ ఫెస్ట్‌లో ఒక కుర్రవాడు పెన్‌డ్రైవ్‌లో లినక్స్ ఇచ్చాడు. మీ శీర్షికలో కీలు, సంతకాలు అంటుంటారు. ఆ కీలు కూడా ఆ పెన్‌డ్రైవ్‌లోంచే వచ్చాయి కదా! మరి వాటిని సరిచూసేది ఏది?
– విజయవాడ

జవాబు: మాస్టారూ, సరిగ్గా మూలం మీదికే వచ్చారు. మీ కంప్యూటర్లో ఉన్న డెబియన్, ఉబుంటు కీలు ‘కీరింగ్’ అనే ప్యాకేజీగా ఆ ఐఎస్ఓలోనే వచ్చాయి. ఆ తర్వాత రాబోయే ప్రతి కొత్త కీ పాత కీ సంతకంతో వస్తుంది. కాబట్టి మొదటి ఐఎస్ఓ మంచిదైతే తర్వాతవన్నీ దాని మీద నిలబడతాయి. అది చెడ్డదైతే ఏ తనిఖీకీ అర్థం లేదు.

2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ సైటులోకి చొరబడినవాళ్లు 17.3 సినమన్ ఐఎస్ఓ లింకును తాము తయారుచేసిన ఐఎస్ఓ వైపు తిప్పేశారు. ఆ రోజు దించుకున్నవారికి వెనక తలుపున్న లినక్స్ దక్కింది. ఐఎస్ఓ పక్కనే అదే పేజీలో ఉండే హ్యాష్ ఇలాంటప్పుడు ఆదుకోదు. లింకు మార్చిన చేతికి హ్యాష్ మార్చడం కష్టం కాదు. హ్యాష్‌ల ఫైలు మీద సంతకం ఉండాలి, ఆ సంతకం సైటు సర్వర్‌లో ఉండని కీతో చేసి ఉండాలి. డెబియన్, ఉబుంటులు అలాంటి సంతకం ఫైలును పక్కనే ఇస్తాయి.

మీరు చేయాల్సింది: ఆ కుర్రవాడిని ఏ ఐఎస్ఓ, ఏ వెర్షన్ అని అడగండి. అదే ఐఎస్ఓను అధికారిక సైటు నుంచి వేరే కంప్యూటర్లో దించుకోండి. సంతకం చూసే కీ ఫింగర్‌ప్రింట్‌ను రెండు మూడు వేర్వేరు చోట్ల సరిపోల్చండి – సైటులో, ముందు నుంచీ లినక్స్ ఉన్న స్నేహితుడి కంప్యూటర్లో, అచ్చయిన పుస్తకమేదైనా ఉంటే అందులో. పూర్తి ఫింగర్‌ప్రింట్ చూడాలి. చివరి ఎనిమిది అక్షరాలు కుదిరితే చాలనుకునే రోజులు పోయాయి. 2014లో ఇద్దరు పరిశోధకులు గ్రాఫిక్స్ కార్డుతో కొన్ని సెకన్లలో ఆ ఎనిమిది అక్షరాలు కుదిరే దొంగ కీలు తయారుచేశారు. 2016లో లైనస్ టోర్వాల్డ్స్ పేరుతో అలాంటి కీ ఒకటి కీసర్వర్లలో కనబడింది కూడా.

ఇంత చేసినా లెక్కల్లో లాగా నిరూపణ దొరకదండీ. ఎక్కడో ఒకచోట మనుషుల మాట నమ్మాలి. ఒక్కరి మాట మీద కాకుండా, ఒకరితో ఒకరికి సంబంధం లేని నలుగురి మాట కలిసేలా చూసుకోవడం మన చేతిలో ఉంది. పెన్‌డ్రైవ్ ఇచ్చిన కుర్రవాడిని అనుమానించమని కాదు, అతను దించుకున్న చోటును కూడా సరిచూడమని.

ప్రశ్న: ఎక్స్‌జెడ్ సంగతి జరిగినప్పటి నుంచి నాకు ఈ సంతకాల మీద నమ్మకం పోయింది. అన్ని సంతకాలూ సరిగ్గానే ఉన్నాయి, అయినా విషం లోపలికి వచ్చింది. ఇంక వీటి వల్ల లాభమేంటి?
– సిస్టమ్స్ ఇంజినీర్, డాలస్

జవాబు: మీ నిరాశ నాకు అర్థమవుతుంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో వెనక తలుపు ఉందని బయటపెట్టినప్పుడు ఈ రంగంలో ఉన్న ప్రతివారికీ గుండె జారింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అరసెకను ఎక్కువ పట్టడం చూసి, అదెందుకో తెలిసేదాకా వదలని ఒక్క మనిషి పట్టుదల లేకపోతే అది ఇంకెంత దూరం పోయేదో.

అయితే సంతకం ఎక్కడ విఫలమైందో చూడండి. ఎక్కడా కాలేదు. ‘జియా టాన్’ అన్న పేరుతో ఒకరు రెండేళ్లకు పైగా ఓపికగా పనిచేసి, ఎక్స్‌జెడ్ నిర్వహణలో భాగం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్ల టార్‌బాల్‌లో విషం కలిపారు. విడుదల చేసే అధికారం ఉన్నవారే విడుదల చేశారు. డిస్ట్రిబ్యూషన్లు అదే తీసుకుని తమ సంతకం పెట్టాయి. సంతకం ‘ఇది ఎవరి నుంచి వచ్చింది, దారిలో మారిందా’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. ‘పంపినవారు మంచివారా’ అన్నది దాన్ని అడగాల్సిన ప్రశ్న కాదు. ఆ జవాబు దాని నుంచి ఆశించినందువల్లే మీకు నిరాశ కలిగింది.

ఆ రెండో ప్రశ్నకు వేరే ఏర్పాట్లు కావాలి, కొన్ని ఉన్నాయి. మొదటిది ఆలస్యం. డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్, ఫెడోరా రాహైడ్, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లాంటివాటిలోకి ఆ వెర్షన్లు వచ్చాయి. డెబియన్ స్టేబుల్‌లోకి రాలేదు. కొత్తది వెంటనే కావాలన్న ఆత్రం లేని సర్వర్లు క్షేమంగా బయటపడ్డాయి. రెండోది, టార్‌బాల్ బదులు గిట్‌లోని కోడ్ నుంచే ప్యాకేజీ తయారుచేయడం. విషాన్ని మేల్కొలిపే బిల్డ్ స్క్రిప్టు టార్‌బాల్‌లో ఉంది, గిట్‌లో లేదు. రెండింటినీ పోల్చిన వారికి అది కనబడేది. మూడోది, డెబియన్‌లో 2013 నుంచి నడుస్తున్న రీప్రొడ్యూసిబుల్ బిల్డ్స్ ప్రయత్నం. ఒకే సోర్సు నుంచి ఎవరు, ఎక్కడ తయారుచేసినా బైటు తేడా లేకుండా అదే ప్యాకేజీ రావాలన్నది దాని లక్ష్యం. నిజం చెప్పాలంటే ఎక్స్‌జెడ్‌ను అది పట్టేది కాదు, విషం సోర్సులోనే ఉంది కాబట్టి. కానీ బిల్డ్ సర్వర్‌లోకి చొరబడి సంతకానికి ముందు ప్యాకేజీ మార్చేవాడిని అదే పట్టగలదు.

కీ దొంగల చేతిలో పడితే ఏమిటన్నది మరో చిక్కు. 2008 ఆగస్టులో రెడ్‌హ్యాట్ సర్వర్లలోకి చొరబడినవాడు కొన్ని ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్యాకేజీల మీద రెడ్‌హ్యాట్ సంతకమే వేయించుకోగలిగాడు. ఆ సమయంలోనే ఫెడోరా, తన కీ పోయిందన్న ఆధారం లేకపోయినా, కీలు మార్చేసింది. మంచి నిర్ణయమది. మిర్రర్ల సంగతి రాసిన కాపోస్ బృందమే తర్వాత ‘టీయూఎఫ్’ అన్న పద్ధతిని రూపొందించడంలో ముందు నిలిచింది. అందులో ఒకే కీకి అన్ని అధికారాలూ ఉండవు. మూల కీ, ఫైళ్ల కీ, ఏ వెర్షన్లు కలిసి వెళ్లాలో చెప్పే కీ, సమయం చెప్పే కీ వేర్వేరు. మూల కీల్లో ఒకటి పోయినా మిగిలినవారు కలిసి దాన్ని రద్దు చేసి కొత్తది పెట్టగలరు. ఇలాంటి పనికి డబ్బు, మనుషులు కావాలి. మీ కంపెనీ ఎక్స్‌జెడ్ లాంటి లైబ్రరీల మీద నడుస్తుంటే, వాటిని ఒంటరిగా మోస్తున్నవారికి జీతం ఇచ్చే మాట అక్కడ ఎత్తండి. జియా టాన్‌కు చోటు దొరికింది అలసిపోయిన ఒక్క నిర్వాహకుడి పక్కనే.

ప్రశ్న: నాలుగేళ్లుగా ఒకే ఉబుంటు. ‘సోర్సెస్.లిస్ట్.డి’ ఫోల్డర్ తెరిస్తే పదకొండు ఫైళ్లు ఉన్నాయి. కొన్ని ఎందుకు చేర్చానో కూడా గుర్తులేదు. ఎలా శుభ్రం చేయాలి?
– ఫొటోగ్రాఫర్, తిరుపతి

జవాబు: కొన్ని మీరు చేర్చినవి కూడా కాకపోవచ్చు. గూగుల్ క్రోమ్ డెబ్ ఫైలు వేసుకుంటే అదే తన రిపోజిటరీని చేర్చుకుంటుంది. పీపీఏలూ ఉండి ఉంటాయి. పీపీఏ మీద లాంచ్‌ప్యాడ్ సంతకం తనంతట తనే పడుతుంది. ఉబుంటు వారు పరిశీలించారని దానర్థం కాదు.

రిపోజిటరీ చేర్చడమంటే ఒక ప్యాకేజీ తెచ్చుకోవడం కాదని గుర్తుంచుకోండి. ఆ రిపోజిటరీ రేపు ఉబుంటులో ఉన్న ఏ ప్యాకేజీకైనా పెద్ద వెర్షన్ తన దగ్గర పెడితే, తర్వాతి అప్‌గ్రేడ్‌లో అదే వస్తుంది. ‘సైన్డ్-బై’ కూడా దీన్ని ఆపదు. కాబట్టి ఉంచుకోవాల్సినవాటికి ప్రిఫరెన్సెస్ ఫైల్లో హద్దు గీయండి: ఆ సర్వర్ నుంచి వచ్చే అన్ని ప్యాకేజీలకూ ప్రాధాన్యం మైనస్ 1, మీకు కావాల్సిన ప్యాకేజీకి, దానికి తోడుగా అక్కడి నుంచే రావాల్సినవాటికి 500.

వద్దనుకున్నవాటికి ఫైలు చెరిపేస్తే పని పూర్తి కాదు. వాటి నుంచి వచ్చిన ప్యాకేజీలు అలాగే ఉండి, ఇక ఏ సెక్యూరిటీ అప్‌డేట్ అందక పాతబడతాయి. పీపీఏ అయితే ఫైలు చెరపకముందే ‘పీపీఏ-పర్జ్’ వాడండి. ఉబుంటులోనూ ఉన్న ప్యాకేజీలను అది ఉబుంటు వెర్షన్‌కు వెనక్కి తెస్తుంది. మిగిలినవాటికి ఫైలు తీసేసి ‘ఆప్ట్ అప్‌డేట్’ కొట్టాక, ‘ఆప్ట్ లిస్ట్’ పక్కన కొటేషన్లలో టిల్డె, చిన్న ‘ఓ’ అక్షరం కలిపి రాస్తే ఏ రిపోజిటరీలోనూ లేని ప్యాకేజీల జాబితా వస్తుంది. దాన్ని చూసి ఒక్కొక్కటి తీసేయాలో, ఉబుంటు వెర్షన్ వేసుకోవాలో తేల్చుకోండి. కీరింగ్స్ ఫోల్డర్లో వాటి కీ ఫైళ్లు మిగిలి ఉంటాయి, అవీ తీసేయండి.

ఉబుంటు కొత్త విడుదలకు మారేటప్పుడు బయటి రిపోజిటరీలన్నిటినీ అదే ఆపేస్తుంది. అప్పుడు పదకొండింటినీ ఒకేసారి మళ్లీ తెరవకండి. కొత్త విడుదలకు తగిన ప్యాకేజీలు పెట్టినవాటినే, నిజంగా వాడుతున్నవాటినే ఒక్కొక్కటిగా తెరుచుకోండి.